ఇంటికన్న ముందు ఇరుగుపొరుగు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. పరదేశమున బిడ్డతో నద్దెయిల్లు వెదకి చూడు మను మూడవ మాటను గూడ దానికి జేర్పవచ్చునని మా కనుభవమున దెలిసినది. మా వారు గణితోపాధ్యాయులు. ఉపాధ్యాయ వినిమయ వీసాపై 2022 వ సంవత్సరమున, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నొక ప్రభుత్వపాఠశాలలో నుద్యోగమునకు వచ్చిరి. ఆ వీసా మూడేండ్లది. పిమ్మట రెండేండ్ల వఱకు పొడిగింపవచ్చును. ఉండునది కొలదికాలమే. కాని యా కొలదికాలములోనే మా యమ్మాయి బాల్యమంతయు గడచిపోవును. కావున నే యూర గాపురముండవలె నను ప్రశ్న మాకు చిన్నదిగా దోచలేదు.

నేడు మన యిండ్లలో ననేకుల కొడుకులును, కూతుండ్రును ఆ దేశమున నిండ్లు వెదకుచున్నారు. ఏ పేట మంచిదని వారు ఫోనులో నడుగుటయు, “మనవాళ్లున్న చోటు చూసుకోండి” అని తల్లులు చెప్పుటయు సామాన్యము. మా యత్తగారును మా కట్లే చెప్పిరి. ఆ మాటలో దప్పు లేదు. కాని యది సగము మాట మాత్రమే. తక్కిన సగము మేమెట్లు తెలిసికొంటిమో సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

డల్లాసు మహానగరము చుట్టును ఉపనగరము లనేకములు గలవు. మొదటి సంవత్సరము మే ముత్తరదిక్కున నొక యుపనగరమున నుంటిమి. మనవారు వేలకొలదిగ నున్న చోటది. గోంగూర దొరకును, గుడి దగ్గఱ, బడికి ప్రభుత్వమువా రిచ్చిన తరగతి ‘ఏ’. ఇంతకన్న నేమి కావలెనని యందఱు ననిరి. మేమును అట్లే యనుకొంటిమి.

అచ్చట మాకు గలిగిన కష్టము చెప్పుకొనదగినంత పెద్దది కాదు. అందుచేతనే యది కష్టమని చాల దినములు మాకే తెలియలేదు. ఉదయమున గరాజు తలుపులు లేచును, కార్లు పోవును, తలుపులు దిగును. సాయంకాలమున మఱల నట్లే. వీథి యద్దమువలె నుండును. వీథిలో మనిషి మాత్ర ముండడు. బిడ్డలు బడినుండి కరాటేకును, అచ్చటినుండి లెక్కల శిక్షణమునకును పోవుదురు. ఒక బిడ్డ మఱియొక బిడ్డతో నాడుకొనవలె నన్నచో తల్లు లిద్దఱును ముందుగ దినమును, గంటను నిర్ణయించుకొనవలెను.

ఆ చలికాలమున మా యత్తగారు సందర్శకవీసాపై వచ్చిరి. ఆఱునెల లుండవలెనని వచ్చినవారు మూడవనెలలోనే “నన్ను పంపించెయ్యండమ్మా” అనిరి. ఏమి లోటు జరిగినదోయని మేము కలతపడి యడిగితిమి. “లోటేమీ లేదు. పలకరించేవాళ్లు లేరు” అనిరి.

అంతకన్న మనస్సునకు దగిలినది మఱియొకటి. ఒకనాడు బడి వాకిట నిలిచి, అయిదేండ్ల మా యమ్మాయిని “రావే తల్లీ” అని పిలిచితిమి. అది పరుగున వచ్చి, మా చేయి పట్టి వంచి, ఇచ్చట నట్లు మాటలాడవలదని చెవిలో జెప్పెను. ఇంగ్లీషులో జెప్పెను. చుట్టు నున్న పిల్లలలో సగము మంది మనవారి పిల్లలే. వారందఱును దమలో దా మింగ్లీషుననే మాటలాడుకొనుచుండిరి. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారి యొడిలో గూర్చుండి భాగవతము, భారతము వల్లించి యక్షరములు నేర్చినవారము. మాకు గల యాస్తి యా భాషయే. దానిని బిడ్డ చెవిలో దాచుకొమ్మని చెప్పినప్పుడు మా కే బదులును దోపలేదు.

మా వారి బడి డల్లాసు పడమట నున్న ఇర్వింగు పట్టణము దిక్కున గలదు. వారి శిష్యులలో నెక్కువమంది స్పానిషు మాటలాడు నిండ్ల పిల్లలు. తల్లిదండ్రుల సమావేశమునా డొక బిడ్డకొఱకు తల్లి, అమ్మమ్మ, పినతల్లి, చంకలో పసిబిడ్డ, అందఱును గలిసి వత్తురనియు, తమ్ము ‘మాయెస్త్రో’ అని లేచి నిలిచి పిలుతురనియు మా వారు చెప్పుచుందురు. అద్దె గడువు ముగియవచ్చినప్పుడు, “మనం ఆ ఊరికే పోదాం” అని వారే యనిరి. మేము వెంటనే యొప్పుకొనలేదు. ఆ దారిని కారులో బోయినప్పుడు అంగళ్ల పేరుపలక లన్నియు స్పానిషున నుండుట చూచి, ఇది మనకు దగిన చోటు కాదని మనస్సులో ననుకొని యుంటిమి. ఎందుకు దగదో మమ్ము మేమే యడుగుకొనలేదు.

ఇండ్లు చూపు నామెను మాత్ర మడిగితిమి: “ఆ వీథిలో నే జాతివా రుందురు?” ఆమె నవ్వి, ఆ ప్రశ్నకు దాను బదులు చెప్పరాదనెను. ఇండ్ల యమ్మకములోను, అద్దెలోను జాతిని, మతమును, పుట్టిన దేశమును బట్టి భేదము చూపరాదని 1968 లో నిచ్చట శాసన మైనది. అంతకుముం దొక జాతివారి నొక వీథికి, మఱియొక జాతివారిని వేఱొక వీథికి మధ్యవర్తులే త్రోలుచుండిరట. 1988 లో నా శాసనమునకు జేసిన సవరణచేత, వృద్ధులకై ప్రత్యేకించిన వసతులు తప్ప, పిల్లలున్నా రని యిల్లు నిరాకరించుటయు నిషేధింపబడినది. ఆమె చెప్పినది విని మేము సిగ్గుపడితిమి. అద్దెయింటికి బోయినప్పుడు మొట్టమొదట కులమడుగువారిని మన యూళ్లలో మే మెఱుగుదుము. ఆ ప్రశ్ననే సముద్రము దాటించి తెచ్చి, ఇచ్చట మే మడిగితిమి. “మీరే పోయి, కాలినడకను దిరిగి చూచుకొనుడు” అని యామె చెప్పెను. ఆమె యిచ్చిన సలహాలలో నదియే మేలైనది.

మేము తిరిగి చూచితిమి. ఇతరులకు గూడ నుపయోగపడు నని మేము చేసిన పరీక్షలను చెప్పుచున్నాము.

మొదటిది ఆదివారము సాయంకాలమున నుద్యానవనమునకు బోవుట. ఇర్వింగులో నొక తోటలో నొక గంటసేపు బల్లపై గూర్చుంటిమి. మడతకుర్చీలలో ముసలివారు, పొయ్యివద్ద నడివయస్సువారు, బంతివెంట పిల్లలు. ఒక్కొక్క చెట్టుక్రింద మూడు తరములు. ఒకామె, మే మెవరమో యెఱుగకయే, మా యమ్మాయి చేతికి బుచ్చకాయ ముక్క నిచ్చెను. రెండవది నడచి పోదగిన దూరమున రొట్టెల యంగడియు, కూరల యంగడియు గలవో లేవో చూచుట. కారు నడుపలేని ముసలివారికిని, మా వంటివారికిని అదియే కాళ్లు. మూడవది గ్రంథాలయము, పిల్లల గదిలో నే యే భాషల పుస్తకములు గలవో చూచినచో నా యూరివా రెవరిని దమవారిగ దలచుచున్నారో తెలియును. నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, బడి కార్యాలయమున నరగంట నిలుచుట. ఇంగ్లీషు రాని తల్లి వచ్చి యడిగినప్పుడు అచ్చటివా రెట్లు బదులు చెప్పుదురో చూడవలెను. మేము చూచిన బడిలో నట్టి తల్లికి లేచి కుర్చీ వేసిరి.

ఆ బడికి ‘ఏ’ తరగతి లేదు. ఈ విషయమున మాకును భయము గలిగినది. మా వా రపు డా తరగతి లెక్క మాకు విడమఱచి చెప్పిరి. టెక్సాసులో బడులకు ‘ఏ’ మొదలు ‘ఎఫ్’ వఱకు నిచ్చు తరగతులకు మూడు భాగములు గలవు: పరీక్షలలో పిల్లలు తెచ్చుకొనిన ఫలితము, ఏటి కేడు వారు పొందిన యభివృద్ధి, వెనుకబడిన వర్గముల పిల్లల కితరులతో గల యంతరము తగ్గుట. ఇంగ్లీషు నప్పుడే నేర్చుకొనుచున్న పిల్లలు పలువు రున్న బడికి మొదటి భాగమున దక్కువ రాగా, రెండవ భాగమున మంచి ఫలితము రావచ్చును. మొదటిది పిల్ల లింటినుండి తెచ్చినదానిని గూడ కొలుచును. రెండవది బడి యిచ్చినదానిని కొలుచును. మేము రెండవదానిని చూచితిమి. ఇల్లే చిరునామాయై బడిని నిర్ణయించును గనుక, ఇంటికి సంతకము చేయుటకు ముందే యా చిరునామా కే బడి వచ్చునో తెలిసికొనవలెను.

ఇట్లు 2023 వ సంవత్సరమున నిర్వింగునకు వచ్చితిమి. 2020 నాటి లెక్కల ప్రకార మా పట్టణమున 2,56,000 మందికి పైగా జనులు గలరు. నూటికి సుమారు నలుబదిమంది హిస్పానికులు. మన దేశమువారును దక్కువ కారు. ఇచ్చట హిందూదేవాలయము గలదు. 2014 లో నొక తోటలో మహాత్మాగాంధీగారి విగ్రహము ప్రతిష్ఠింపబడినది. కావున మనవారిని విడిచి వచ్చితి మనుటకును వీలు లేదు.

హిస్పానికు లనగా స్పానిషు భాష వాడుకగా గల మెక్సికో, గ్వాటెమాలా, క్యూబా మొదలగు దేశములనుండి వచ్చినవారును, వారి సంతతివారును. వారందఱును నిన్న మొన్న వచ్చినవా రని మే మనుకొంటిమి. అది మా యజ్ఞానము. టెక్సాసు 1836 వఱకు మెక్సికోలోని భాగము. 1845 లో గాని యమెరికాలో జేరలేదు. మా ప్రక్కయింటి పెద్దమ్మగారి పూర్వు లీ రాష్ట్రపు దక్షిణమున, సరిహద్దు పుట్టకముందే, పసుల మందలు కాచినవారట. “మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్ము దాటినది” అని యామె నవ్వుచు జెప్పును. అది వారిలో బలువు రను మాటయే యని పిమ్మట దెలిసినది.

ఆమెకు డెబ్బదేండ్లు దాటినవి. ఒకనాడు మా యమ్మాయి బడి వాకిట జెప్పిన మాటను ఆమెతో మాటవరుసకు జెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట దన కథ చెప్పెను. ఈ రాష్ట్రమున 1918 లో బడులలో విదేశభాషాపాఠము తప్ప తక్కిన దంతయు నింగ్లీషుననే బోధింపవలె ననియు, మీఱిన యుపాధ్యాయునికి శిక్ష యనియు శాసనము చేసిరి. అది 1969 వఱకు దొలగలేదు. మెక్సికో సంతతి పిల్లలను వేఱు బడులలో నుంచుట చెల్లదని 1948 లోనే డెల్గాడో వ్యాజ్యమున దీర్పు వచ్చినను, అనేకస్థలములలో నది కాగితముమీదనే నిలిచినది. ఆమె బడిలో నుండగా, ఆటస్థలమున స్పానిషున నొక మాట యన్నందున అరచేతిపై బద్దతో గొట్టిరట. “దెబ్బ మఱచిపోయితిని. కాని నా బిడ్డలకు నా భాష నేర్పలేదు. వారి చేతులపై దెబ్బ పడరాదని నేర్పలేదు. ఇప్పుడు నా కొడుకు నాతో నింగ్లీషుననే మాటలాడును. నేను పాడిన జోలపాట వానికి దెలియదు. నీ బిడ్డను నీ వెవ్వరును గొట్టకయే యట్లు కానిత్తువా?” అనెను.

సోదరీమణులారా, ఆ మాట మమ్ము నిదురపోనీయలేదు. ఆమె భాషను బద్దతో గొట్టి యడచిరి. మా భాషను మేమే, ఎవరును గొట్టకముందే, నోటిలో దాచుకొనుచుంటిమి.

కాలము మాఱినది. ఒకే తరగతిలో నింగ్లీషు చాలని, ఒకే మాతృభాష గల పిల్ల లిరువదిమందికి దక్కువ గాకున్నచో ద్విభాషాబోధన మేర్పఱుపవలెనని 1973 లో నీ రాష్ట్రమున శాసన మైనది. ఇప్పుడు కొన్ని బడులలో స్పానిషు మాటలాడు పిల్లలను, మాటలాడని పిల్లలను గలిపి కూర్చుండబెట్టి రెండు భాషలందును జదువు చెప్పుదురు. అట్టి తరగతిలో సాధారణముగ మొదటి సంవత్సరములలోనే చేరవలెను. మా యమ్మాయి నొకటవ తరగతిలో నట్లు చేర్చితిమి. పెద్దమ్మగారి మనుమడును ఆ తరగతియే. తండ్రికి రాని భాషను కొడుకు బడిలో నేర్చి, ఇంటికి వచ్చి నాయనమ్మతో మాటలాడుచున్నాడు.

మా యమ్మాయి కొలదినెలలలోనే యొక వింత కనిపెట్టెను. “అమ్మా, వాళ్లు కూడా రాసినట్టే పలుకుతారే! మాట చివర మనకులాగే ఆ, ఓ అని వస్తుంది” అనెను. నిజమే; అచ్చులు స్పష్టముగ బలుకు భాష యది; మాటలలో బెక్కులు మన మాటలవలె నచ్చుతో ముగియును. మన ‘మీరు’, ‘నీవు’ అను భేదము వారికిని గలదు. పెద్దవారిని ‘ఉస్తేద్’ అనియు, చనువుగలవారిని ‘తూ’ అనియు నందురు. బిడ్డకు మర్యాద నేర్పుటకు మాకు దోడు దొరకినది. అన్నిటికన్న మేలు వేఱొకటి. ఆ బడి వాకిట నెల్ల తల్లులును దమ బిడ్డలను దమ భాషలో, గొంతెత్తి పిలుతురు. అట్టిచోట మా పిలుపు వింతగ లేదు. రెండవ సంవత్సరమున నొకనాడు, వాకిటి కావలినుండియే మా యమ్మాయి “అమ్మా! నాయనమ్మ ఫోన్ చేసిందా?” అని తెలుగున గేకవేసెను. చుట్టు నున్నవా రెవ్వరును దిరిగి చూడలేదు. మా కన్నులు చెమర్చినవి.

నాయనమ్మ కథయును ముగింపవలెను. మా యత్తగారు మఱల వచ్చుటకు మొదట నొప్పుకొనలేదు. బ్రతిమాలి రప్పించితిమి. వచ్చిన మఱునాడే పెద్దమ్మగారు చింతకాయల గిన్నెతో వచ్చిరి. చింతపండును వారు ‘తమరిందో’ అందురు; ఆ పేరునకు అరబ్బీ భాషలో హిందూదేశపు ఖర్జూరమని మూలార్థము. తూర్పుదేశములనుండి యోడలపై వారికి జింత పోయినది. వారి దేశమునుండి పోర్చుగీసువారి యోడలపై మనకు మిరపకాయ వచ్చినది. ఇచ్చి పుచ్చుకొనుట నాలుగువందల యేండ్లనాడే జరిగినది. మనము పలుకరించుకొనుటయే యాలస్యమైనది. మొక్కజొన్నలను సున్నపునీట నుడికించి, కడిగి, రుబ్బి, పెనముపై వారు కాల్చు రొట్టెను జూచి మా యత్తగారు, “ఇది మన జొన్నరొట్టె అక్కచెల్లెలే” అనిరి. ఇరువురకు నొక్క భాషయైన గలియదు. అయినను వంటింటిలో గంటలకొలది మాటలాడుకొందురు.

శాకాహారులకొక హెచ్చరిక. ‘మంతేకా’ యనగా వారి వాడుకలో పంది కొవ్వు. గోధుమరొట్టెలలోను, ఉడికించి మెదిపిన చిక్కుడుగింజలలోను నది తఱచుగ గలియును, అడిగి తెలిసికొనవలెను. క్రిస్మసు ముందు వారి స్త్రీలందఱును గూడి, మన యప్పడముల యొత్తుడువలె, తమాలె లను పిండివంట చేయుదురు. మొక్కజొన్న పిండిముద్దను ఆ కండె పొత్తులలోనే చుట్టి యావిరిపై నుడికింతురు. ఆ పిండిలోను మంతేకా కలుపుట యాచారము. మేము మొగమాటముతో సంగతి చెప్పగా, పెద్దమ్మగారు వేఱు గిన్నె, వేఱు నూనె తెచ్చి మా యత్తగారి కని వేఱుగ నుడికించిరి. ఆ పర్యాయము మా యత్తగా రాఱునెలలును ఉండి, వీసా గడువు ముగియుచున్నదనియే వెడలిరి.

ఇదంతయు వెన్నెలయే యని వ్రాసినచో నసత్యమగును. మా మిత్రులలో గొందఱు మా రాకపోకలు తగ్గించిరి. బిడ్డ భవిష్యత్తు పాడుచేసితిమని మొగముమీదనే యనినవారును గలరు. ఇచ్చట వీథిలో సంగీతము రాత్రి ప్రొద్దుపోవుదాక మ్రోగును. అంతకన్న గట్టి దుఃఖ మొకటి గలదు. కాగితములు సరిగా లేని కుటుంబములు కొన్ని మా చుట్టు నున్నవి. ఒక రాత్రి రెండవ ప్రక్కయింట నేడుపు వినబడెను. ఇంటి యజమాని పనినుండి తిరిగి రాలేదు. మా వీసాయు దారముపై వ్రేలాడునదియే. తలుపు తట్టుటకు మేము జంకితిమి. అప్పుడు మాకు భారతములో నేకచక్రపురము జ్ఞప్తికి వచ్చినది. తామే దాగియున్నవా రయ్యు, ప్రక్కభాగమున నేడుపు విని కుంతి లేచి పోయి యడిగెను గదా! మేము కుంతి యంతటివారము కాము. భీముని వంటి కొడుకును మాకు లేడు. అయినను బోయి తలుపు తట్టితిమి. వారి చిన్నపిల్ల యా రాత్రి మా యింట నిదురించి, ఉదయమున మా యమ్మాయి చేయి పట్టుకొని బడికి బోయినది. కాగితములు లేవని బిడ్డకు బడి నిరాకరింపరాదని టెక్సాసునుండి పోయిన వ్యాజ్యముననే 1982 లో నీ దేశపు సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ బిడ్డకు బడి మిగిలినది. తండ్రి మాత్రము రాలేదు. నెలతిరుగకముందే తల్లియు బిడ్డయు బంధువుల యూరికి వెడలిపోయిరి. మా యమ్మాయి యిప్పటికిని ఆ పిల్ల విడిచిపోయిన రంగుపెన్సిళ్లను మఱియొకరికి ముట్టనీయదు.

ఈ సంవత్సరము అద్దెకాగితము మఱల వచ్చినప్పుడు మా వారు మా వంక జూచిరి. మేము కలము తీసి యిచ్చితిమి. మంచిపేట యనగా నేడుపు వినబడనిది యని మొదట ననుకొంటిమి. గోడలు దళసరి యైనచోట నది వినబడదు, అంతియే.

ఇల్లు వెదకు బిడ్డలకు దల్లులు చెప్పదగిన దిది. బడి తరగతి చూడుడు. దాని లోపలి లెక్కయు జూడుడు. మనవా రున్నారో లేరో చూడుడు. ఇతరులు పలుకరింతురో లేదో యంతకుముందే చూడుడు. సంతకము చేయుటకు ముం దొక యాదివారము సాయంకాల మా వీథిలో నడచి, తల్లులు బిడ్డల నే గొంతుతో బిలుచుచున్నారో వినుడు. తమ భాషలో గొంతెత్తి పిలుచు తల్లు లున్న వీథిలో మీ పిలుపునకును జోటుండును.